బొమ్మలో లేని ఈల

బిట్రగుంటలో రికార్డింగు గది పెట్టుకోక ముందు ఆనందబాబు చాలా ఏళ్ళు మైకుసెట్టు నడిపాడు. కావలి నుంచి కొడవలూరు దాకా ఏ ఊళ్ళో సువార్త కూటం జరిగినా, పెళ్ళి ఊరేగింపు జరిగినా ఆయన బాక్సులే మోగేవి. మనిషెత్తు స్పీకర్ల పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మిక్సరు ముందు కూర్చునేవాడు. అక్కడే అన్నం తినేవాడు, ఒక్కోసారి అక్కడే కునుకు తీసేవాడు. నడుం నొప్పి మొదలై బాక్సులు ఎత్తలేని పరిస్థితి వచ్చాక ఆ సామానంతా అమ్మేసి, రైల్వే కాలనీ పక్కన తన ఇంటి వెనకగదిలో కంప్యూటరు పెట్టాడు. గోడలకు పాత పరుపులు కొట్టించాడు.

ఆ గదిలో కొత్తగా పాడించే పాటల కంటే, బయట రికార్డు చేసుకుని తెచ్చినవాటిని బాగుచేసే పనే ఎక్కువగా వచ్చేది. పాస్టర్లు ప్రసంగాలు ఫోన్లో తీసి తెచ్చేవాళ్ళు. వెనక ఫ్యాను మోత, జనరేటరు, చంటిపిల్ల ఏడుపు, గూడ్సుబండి కూత. ఆనందబాబు వాడే సాఫ్ట్‌వేర్ ఆ శబ్దాన్నంతా తెర మీద రంగుల బొమ్మలాగా పరిచి చూపిస్తుంది. బండ మోతలు అడుగున, సన్నటి శబ్దాలు పైన. ఫ్యాను మోత అడుగున గీత గీసినట్టు కనపడుతుంది. సరిగ్గా ఆ గీత మీద ఫిల్టరు పెట్టి కోస్తే ఫ్యాను పోయి మనిషి గొంతు మిగులుతుంది. గొంతూ మోతా ఒకదాని మీద ఒకటి పడినప్పుడే చిక్కు. ఎంతవరకు కోయాలి, ఎక్కడ చేయి ఆపాలి అన్నది చెవే చెప్పాలి.

"బొమ్మ జూసి కోసేదానికి మనం ఎందుకురా? చెవితో ఇని కొయ్యాల" అని తన దగ్గర పని నేర్చుకున్న టైటస్‌కి ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. టైటస్ ఇప్పుడు కావలిలో సొంత స్టూడియో పెట్టుకున్నాడు. అయినా కష్టమైన పని వస్తే గురువు దగ్గరికే పంపేవాడు.

ఈమధ్య ఒకటి రెండు పనులు తిరిగి వచ్చాయి. స, ష పలికినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుందని ఒక పాటల ఆల్బం వాళ్ళు ఫోన్ చేశారు. "మీ ఫోన్ స్పీకర్లు అట్టాంటివి" అని ఆనందబాబు నవ్వేశాడు. ఇంట్లో భార్య ఎలిశబెతు వంటింట్లోంచి పిలిస్తే, రెండోసారి పిలిచినప్పుడే పలికేవాడు. పనిలో మునిగిపోయాడని ఆమె అనుకునేది.

ఎలిశబెతు ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చెప్తుంది. ఆమెకు ఊహ తెలియకముందే తల్లి చనిపోతే, తల్లి చెల్లెలు ప్రమీలమ్మ తన పిల్లలతో పాటు సాకి పెద్దచేసింది. ఎలిశబెతుకు చిన్నమ్మ అంటే అమ్మే. ప్రమీలమ్మ పుట్టింది కొడవలూరు పక్క, వరినాట్లు వేసుకునే ఊళ్ళో. పెళ్ళై సముద్రపు గట్టున ఉన్న పాలేనికి వచ్చింది. చదువు లేదు. కానీ నాట్లు వేసేటప్పుడు పాడుకునే బాణీల్లో యేసు మీద పాటలు కట్టింది. రాసుకున్నది లేదు, ఎవరికీ నేర్పిందీ లేదు. పాలెంలోని చర్చిలో ఆమె ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు పల్లవి దగ్గర గొంతు కలిపేవాళ్ళు. చరణాలన్నీ ఆమెవే.

ప్రమీలమ్మకు ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు వచ్చింది. నెల్లూరు డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ముక్కుకు గొట్టం పెట్టి, మంచం పక్కన ఆక్సిజన్ మిషను పెట్టారు. ఆ వారంలోనే ఎలిశబెతు భర్తను అడిగింది.

"ఏమయ్యా, ఊరోళ్ళ పాటలన్నీ బాగు జేస్తావు. చిన్నమ్మ పాటలు ఒక్కటీ లేవు మన దగ్గర. ఫోన్లలో ఉండేవి ముక్కలు, ఒక్కటన్నా చివరిదాకా లేదు. ఆమె పోతే ఇంక యాడ తెచ్చుకుంటాం?"

"మంచి మైకు తీసుకుని పోదాంలే" అన్నాడు ఆనందబాబు. అతనికీ ఆమె అంటే ప్రేమే. పెళ్ళైన కొత్తలో, మైకుసెట్టు వాడికి పిల్లనిచ్చారేమని బంధువులు అన్నప్పుడు ఆమే అతని పక్షాన మాట్లాడింది.

పాలెం చుట్టూ ఇప్పుడు రొయ్యల గుంటలు. ప్రమీలమ్మ కొడుకు మాథ్యూ ఆ గుంటల మీదే పనిచేస్తాడు. ప్రతి గుంటలోనూ నీళ్ళు చిలికే ఏరియేటర్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. ఆనందబాబు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంట్లో మైకు ఆన్ చేయగానే సముద్రం కంటే ముందు ఆ మోతే వినిపించింది.

"మాథ్యూ, ఒక్క గంట ఆపించలేవా?"

"ఆపితే రొయ్యంతా చచ్చి తేలిపోద్ది బావా. ఓనరు నన్ను బతకనిస్తాడా?"

కిటికీలకు దుప్పట్లు కట్టారు. తలుపు కింద గోనెసంచులు కుక్కారు. మోత కొంచెం తగ్గింది. ఇక మంచం పక్కన ఆక్సిజన్ మిషను మిగిలింది. అది ఆన్‌లో ఉంటే పాట మీద దాని బుసే పడుతుంది. ఏం చేయాలో తోచక ఆనందబాబు నిలబడి ఉంటే ప్రమీలమ్మే ముక్కుకున్న గొట్టం తీసేసింది.

"ఆపెయ్యి నాయనా. పాట అయినాక మళ్ళీ పెట్టుకుంటా."

"వద్దు చిన్నమ్మా" అంది ఎలిశబెతు.

"నువ్వూరుకో. ఇది పెట్టుకుని పాడితే నా మాట నాకే ఇనపడదు." ఆమె ఆనందబాబు వైపు తిరిగింది. "నా గొంతు పాడైపొయ్యింది గదా అబ్బయ్యా. దీన్ని ఏం జేస్తావు?"

"గొంతు బాగుండాది అత్తా. మోతలుంటే నేను తీసేస్తా. నువ్వు పాడు."

"దగ్గు గూడా తీసెయ్యి" అని ఆమె నవ్వి, ఆ నవ్వుతోనే దగ్గింది.

ఆ మధ్యాహ్నమంతా అలాగే సాగింది. మిషను ఆపడం, ఆమె ఒక పాట పాడటం, మళ్ళీ మిషను పెట్టడం. గోళ్ళు నీలంగా మారుతుంటే ఎలిశబెతు ఆమె చేతులు రుద్దుతూ కూర్చుంది. పడవలో యేసు నిద్రపోయిన పాట వచ్చేసరికి ప్రమీలమ్మ కళ్ళు మూసుకుంది.

"సుక్కాని ఇడిసి సామి, సంచి తలకింద బెట్టి
సొమ్మసిల్లి పండినాడే, సంద్రమా, సూడవే"

ఊపిరి అందని చోట ఆగి, అందుకుని మళ్ళీ పాడింది. గొంతు సన్నబడింది గానీ ఒక్క మాట కూడా నలగలేదు. పాట చివరికి వచ్చేసరికి వాకిట్లో మాథ్యూ చొక్కా చివరతో ముఖం తుడుచుకోవడం ఎలిశబెతు చూసింది.

ఇంటికొచ్చి ఆనందబాబు ఆ రికార్డింగును కంప్యూటరులోకి ఎక్కించాడు. అనుకున్నదానికంటే బాగా వచ్చింది. ఏరియేటర్ల మోత తెర అడుగున మందపాటి గీతల్లాగా కనపడింది. వాటిని ఒక్కొక్కటే కోశాడు. సముద్రపు హోరు మెల్లగా తగ్గించాడు. రెండు రోజుల్లో పాటలు దాదాపు శుభ్రమయ్యాయి.

అప్పుడు వినిపించింది ఈల. చాలా సన్నది, దోమ చెవి పక్కన ఆగిపోయినట్టు. పాట నడుస్తున్నప్పుడు మరుగున పడేది. ప్రమీలమ్మ ఊపిరి కోసం ఆగిన చోటల్లా పైకి తేలేది. గుంటల మీద ఏదో మోటారు బేరింగు అరిగి కూస్తోందేమో అనుకున్నాడు. బొమ్మలో వెతికాడు. ఆరువేల హెర్ట్జ్ దగ్గర, అంటే బొమ్మలో బాగా పైన, ఉండాలని చెవి చెప్పింది. తెర మీద అక్కడ గీత లేదు. నల్లగా ఉంది.

బొమ్మలో లేకపోయినా చెవిలో ఉంది కదా. ఆరువేల దగ్గర సన్నటి ఫిల్టరు పెట్టాడు. ఈల పోలేదు. వెడల్పు చేశాడు. పోలేదు. పైనుంచి కిందికి దిగుతూ కోసుకుంటూ వచ్చాడు. పాట ఆగిన చోట నుంచి కాస్త నిశ్శబ్దాన్ని మచ్చుకు తీసుకుని, అలాంటి శబ్దం ఎక్కడున్నా తీసేయమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాడు. ఒకసారి చాలక మళ్ళీ మళ్ళీ అదే చేయించాడు. ఎంత తీసినా ఆయనకు ప్రమీలమ్మ గొంతు మొదట ఎలా ఉందో అలాగే వినిపించింది. ఈలా అలాగే ఉంది.

"ఒకసారి ఇనిపించయ్యా" అని ఎలిశబెతు గది తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ఇంకా కాలేదు. ఒక ఈల ఉండాది. అది పోయినాక ఇందువులే."

"ఈల ఉంటే ఉండనీలే. నాకు ఆమె గొంతు కావాల."

"పని సగంలో ఉంటే ఎట్టా ఇనిపించేది? శుభ్రంగా చేసి ఇస్తాలే మే."

ఆమె తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోయింది. పని విషయంలో అతన్ని తొందరపెట్టకపోవడం ఆమెకు అలవాటైన సంగతే.

ఆ పని పూర్తికాకముందే ప్రమీలమ్మ చనిపోయింది. ఆదివారం ఆరాధన వేళకు ప్రాణం పోయింది. మర్నాడు పాలెం సమాధులతోటలో ఇసక తవ్వి పూడ్చారు. చనిపోయినవాళ్ళ ఇంట జరిపే ఆదరణ కూటం నాడు ఆమె పాటలు ఆమె గొంతుతోనే వేయాలని మాథ్యూ అన్నాడు. అందరూ అవునన్నారు. ఆనందబాబు ఇంటికొచ్చి ఆ గదిలోనే ఉండిపోయాడు. కోయగలిగినంత కోశాడు. చివరికి ఈల తగ్గినట్టే అనిపించింది. తగ్గిందని నమ్మాడు.

అదే వారంలో కావలిలో జరిగిన సువార్త కన్వెన్షన్ వీడియో పని కూడా ఆయన మీదే పడింది. దాని కోసం రికార్డరులోని కార్డు ఖాళీ చేశాడు. కంప్యూటరులో చోటు చాలకపోతే, పని అయిపోయిన వాటికి మొదట తీసిన ముడి రికార్డింగులన్నీ ఎప్పటిలాగే తీసేశాడు. వాటిలో ప్రమీలమ్మవీ ఉన్నాయి. శుభ్రం చేసినవి దగ్గరున్నప్పుడు మోతలున్నవి దాచుకోవాలని ఆయన ఏనాడూ అనుకున్న మనిషి కాదు.

ఆదరణ కూటానికి పాలెం అంతా వచ్చింది. వాకిట్లో షామియానా వేశారు. టైటస్ కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. పాస్టరు వాక్యం చదివి ప్రార్థన చేశాక, ఆనందబాబు మంచి స్పీకర్లు రెండు పెట్టి పడవ పాట వేశాడు.

మొదటి పాదానికే ముందు వరసలోని ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

స్పీకర్లలోంచి వచ్చిన గొంతు నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టుంది. దుప్పటి కప్పి నోరు మూసినట్టుంది. సుక్కాని లేదు, సామి లేదు, సంద్రం లేదు. "ఉక్కాని ఇడిహి ఆమి" అని ఎవరో పళ్ళూడిన మనిషి గొణుగుతున్నట్టుంది. ఊపిరి తీసుకునే చప్పుడు ఎక్కడా లేదు. ఆ చోట్లలో ఏదో గలగలమని బుడగలు పగిలినట్టు వినిపించి ఆగిపోతోంది. రాగం మాత్రం మిగిలింది. అది పాడుతున్నది ప్రమీలమ్మ అని చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఆనందబాబు కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆయనకు అత్త గొంతు అత్త గొంతులాగే వినిపిస్తోంది. రెండో చరణం మధ్యలో కళ్ళు తెరిచాడు. అందరూ తననే చూస్తున్నారు. తన పని నచ్చి చూస్తున్నారనుకున్నాడు. ఎలిశబెతు ముఖం చూశాక అది కాదని తెలిసింది. ఆమె ఏడవడం లేదు. నోరు కొంచెం తెరుచుకుని స్పీకరు వైపు చూస్తూ ఉంది.

మాథ్యూ లేచి వచ్చాడు. "ఆపెయ్ బావా."

"ఏమైందబ్బా?"

"ఆపెయ్ అంటిని గదా. ఇది మా అమ్మ కాదు."

ఆనందబాబు ఆపాడు. గుంటల మీద ఏరియేటర్లు తిరుగుతున్నాయి. కాసేపటికి పాస్టరు వేరే పాట ఎత్తుకున్నాడు. అందరూ అందులో గొంతు కలిపారు.

ఇంట్లోకి రాగానే ఎలిశబెతు చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"మొదట తీసింది ఉంది గదా? ఆ రోజు తీసింది. ఏం చెయ్యకముందుది?"

"ఎందుకు మే? ఏమైందో చెప్పు ముందు."

"ఉందా లేదా?"

అతను చెప్పాడు. ఆమె అక్కడే, గడప పక్కన కూర్చుంది.

"ఇనిపించమన్నాను గదా. ఒక్కసారి ఇనిపించమన్నాను. ఈల ఉంటే ఉండనీలే అన్నాను గదా నేను."

"ఆ ఈలతో ఎట్టా ఇచ్చేది? అది లేకుండా చేస్తామనే గదా..."

"ఏ ఈల?" అని ఆమె అరిచింది. "ఆ ఇంట్లో ఈల యాడుండాది? ఆ రోజు నేనూ ఆడనే ఉంటిని గదా!"

మర్నాడు టైటస్ వచ్చాడు. ఎలిశబెతే ఫోన్ చేసి పిలిచింది. అతను గురువు కుర్చీలో కూర్చోకుండా పక్కన స్టూలు లాక్కుని, శుభ్రం చేసిన ఫైలు తెరిచి చూశాడు. తెర మీద కింద పావు వంతులో మాత్రం రంగు ఉంది. పైనంతా నలుపు. టైటస్ ఆ నల్లటి మైదానం మీద వేలు పెట్టాడు.

"అన్నా, ఇంత ఎందుకు కోసినావు?"

"ఈల కోసం. ఇప్పటికీ పూర్తిగా పోలా. కావాలంటే ఇను."

టైటస్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. పాట మధ్యలో ఖాళీలన్నీ పెద్ద శబ్దం పెట్టి విన్నాడు. తర్వాత వాటిని తీసి ఆనందబాబు తలకు పెట్టాడు.

"ఇప్పుడు ఉండాదా?"

"ఉండాది. ఇదిగో ఇదే. సన్నంగా."

టైటస్ ఏదో నొక్కాడు. "ఇప్పుడు?"

"ఉండాది."

"ఇప్పుడన్నా?"

"ఉండాది రా, చెప్తుండాను గదా."

టైటస్ చెయ్యి పైకెత్తి చూపించాడు. హెడ్‌ఫోన్ల వైరు అతని చేతిలో ఉంది. కంప్యూటరులోంచి ఎప్పుడో పీకేశాడు.

ఆనందబాబు ఆ వైరును చూశాడు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఈల వినిపిస్తూనే ఉంది. లేచి ఫ్యాను ఆపాడు. కంప్యూటరు ఆపాడు. తలుపు తీసి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడా ఉంది. రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకున్నాడు. అప్పుడు ఇంకా బాగా వినిపించింది. ఎలిశబెతు వంటింటి తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసింది. ఆమెకు అతని మీద ఉన్న కోపం ఆ క్షణంలో ఎక్కడికీ పోలేదు. కానీ దాని పక్కన భయం వచ్చి చేరింది.

నెల్లూరులో చెవి డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. బండ శబ్దాలకు వెంటవెంటనే నొక్కాడు. సన్నవి మొదలయ్యాక ఏది వాళ్ళు పంపే శబ్దమో, ఏది తన ఈలో తెలియలేదు. ఒకసారి ఏమీ పంపకపోయినా నొక్కాడు. ఇంకోసారి ఎంత గట్టిగా పంపినా నొక్కలేదు.

డాక్టరమ్మ కంప్యూటరులో గీత చూపించింది. కొంతదూరం చదునుగా వచ్చి, తర్వాత గట్టు మీద నుంచి జారినట్టు కిందికి పడిపోయింది. ఫిల్టరు పెట్టినప్పుడల్లా అలాంటి గీతలే ఇన్నేళ్ళూ తన చేత్తో గీసినవాడు కాబట్టి ఆమె నోరు తెరవకముందే అతనికి అర్థమైంది.

"ఏం పని చేసేవారండీ?"

"మైకుసెట్టమ్మా."

"అంతేలెండి. ఏళ్ళ తరబడి ఆ మోతకు చెవి లోపల సన్నటి శబ్దాలు పట్టుకునే చోటు దెబ్బతినిపోయింది. వినపడని చోట మెదడు తనే ఒక శబ్దం పుట్టించుకుంటుంది. అదే ఆ ఈల."

"మందేమన్నా ఉండాదా?"

"పోయింది తిరిగి రాదండీ. ఉన్నది కాపాడుకోవాలి. చెవికి మిషను పెట్టుకుంటే ఎదుటివాళ్ళ మాటలు కొంత తెలుస్తాయి."

"ఈల పోద్దా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "అలవాటు పడాలి."

"పాటల పని చేస్తానమ్మా నేను" అన్నాడు. డాక్టరమ్మ మిషన్ల వివరాలు చెప్పే అమ్మాయిని పిలిచింది.

ముడి రికార్డింగు కోసం టైటస్ వారం రోజులు తంటాలు పడ్డాడు. తీసేసిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఏవేవో వేసి చూశాడు. ఆ చోటంతా కన్వెన్షన్ వీడియో నిండిపోయింది. కార్డులోనూ అంతే. దొరికిన ఒక ముక్కలో పాస్టరు ప్రసంగం వెనక ఒక్క క్షణం ఏదో గొంతు వినిపించి పోయింది. అది ప్రమీలమ్మదో కాదో ఎవరూ చెప్పలేకపోయారు. శుభ్రం చేసిన ఫైలులో పైభాగాన్ని పెంచి చూశాడు. బుస తప్ప ఏమీ పైకి రాలేదు.

"కోసేసిన దాన్ని పెంచేదానికి ఏముందక్కా" అని ఎలిశబెతుతో అన్నాడు. "తగ్గించి ఉంటే ఏమన్నా చెయ్యొచ్చు. మొత్తం తీసేసినాడు."

ఆనందబాబు పక్కనే ఉన్నాడు. టైటస్ తల దించుకుని మెల్లగా అనడం వల్ల అతనికి ఆ మాటల్లో సగమే తెలిసింది. మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత ఆయన పనులు ఒప్పుకోవడం మానేశాడు. వచ్చినవాళ్ళను కావలికి పొమ్మన్నాడు. కూతురు ఫేబీ చెన్నైలో నర్సింగు చదువుతోంది. మిషను పెట్టించుకోమని ఫోన్లో పోరింది. పెట్టించుకున్నాడు. మాటలు కొంచెం తేటగా వచ్చాయి. వాటితో పాటు గిన్నెల చప్పుడు, కాగితాల చప్పుడు, తను నమిలే చప్పుడు మీద పడ్డాయి. పొద్దున పెట్టుకుని మధ్యాహ్నానికి తీసేసేవాడు. పాలెం వైపు వెళ్ళలేదు. మాథ్యూ ఫోన్ చేయలేదు. ఒకసారి దారిలో ఎదురైనా పలకరించలేదు.

ఎలిశబెతు భర్తకు అన్నం పెట్టింది, ఆసుపత్రికి తీసుకెళ్ళింది, అతనికి తెలిసేలా ముఖం చూసి మాట్లాడటం నేర్చుకుంది. కానీ చర్చిలో పాడటం మానేసింది. అడిగితే గొంతు బాగాలేదని చెప్పింది.

తర్వాత ఒక సెలవురోజు ఆమే టైటస్‌ని పిలిచింది. తనకు గుర్తున్నంతవరకు చిన్నమ్మ పాటలు పాడతాను, రికార్డు చేయమంది. దానికి ముందు పాలెం వెళ్ళి, ప్రమీలమ్మతో కలిసి పాడిన ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వచ్చింది. వాళ్ళకు పల్లవులన్నీ వచ్చు. చరణాల దగ్గర ఒకామె ఒకటి చెప్తే ఇంకొకామె కాదంది. ఇద్దరు ముసలివాళ్ళు వాదులాడుకున్నారు. ఆమె పాడుతుంటే విన్నామే గానీ నేర్చుకోవాలని అనుకోలేదని ఒకామె కళ్ళు తుడుచుకుంది.

వెనకగదిలో టైటస్ మైకు పెట్టాడు. ఆనందబాబు బయట వరండాలో కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. తలుపు సందులోంచి భార్య గొంతు రాగంగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. ఆమె పాడింది, ఆగింది, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. రెండు పాటలు సగం సగం అయ్యాయి. పడవ పాట మూడు చరణాల దాకా నడిచి ఆగిపోయింది.

తర్వాత ఎలిశబెతు బయటికి వచ్చి అతని ఎదురుగా, ముఖం కనపడేలా కూర్చుంది.

"నాలుగో చరణం ఎవరికీ తెలీదు" అంది. "ఆ ఫైల్లో ఎన్నిసార్లిన్నా మాటలు తెలియలా. మూడు చరణాలు పడవలో వాళ్ళు సంద్రాన్ని తిడతారు. నాలుగోదాంట్లో సంద్రం వాళ్ళకు బదులు చెప్పుద్ది. అంతవరకే గుర్తుండాది నాకు. ఏం బదులు చెప్పుద్దో రావడం లేదు."

అతను ఆమె పెదవుల వైపు చూస్తున్నాడు.

"నువ్విన్నావు గదయ్యా" అంది ఆమె. ఆమె గొంతులో కోపం లేదు. అడుక్కుంటున్నట్టుంది. "దినాలు దినాలు ఆ గదిలో కూర్చుని ఆ పాటే ఇన్నావు. నీ అంత ఎవరూ ఇనలేదు. నీకన్నా గుర్తుండాల గదా. ఒక్క మాటన్నా చెప్పు. మొదటి మాట చెప్తే మిగతాది నాకు వస్తదేమో."

ఆనందబాబు కళ్ళు మూసుకున్నాడు. నాలుగో చరణం దగ్గర ఎన్నిసార్లు ఆపాడో, వెనక్కి తిప్పాడో, మళ్ళీ వేశాడో గుర్తుంది. ఆ చరణానికి ముందు ఆమె ఊపిరి కోసం ఎంతసేపు ఆగిందో గుర్తుంది. అక్కడ ఈల ఎంత ఎత్తుకు లేచేదో గుర్తుంది. తెర మీద ఆ చోట రంగులు ఎలా ఉండేవో కూడా గుర్తుంది. మాటల కోసం వెతికాడు. సంద్రం నోరు తెరిచిన చోట అతనికి ఏ మాటా లేదు. విన్నన్ని సార్లూ అతను వాటి వెనకున్న దాన్నే విన్నాడు.

"గుర్తు రాలేదు మే" అన్నాడు.

"ఇంకొంచెం చూడు."

చూశాడు. ఆమె కదలకుండా కూర్చుంది. గదిలోంచి టైటస్ తొంగిచూసి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఎండ వరండా మెట్టు దాకా వచ్చింది.

"లేదు" అన్నాడు ఆనందబాబు. "లేదు మే, నాకు రాలేదు."

ఎలిశబెతు తల ఊపింది. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని లోపలికి వెళ్ళింది.

"మైకు తీసెయ్యి టైటసూ" అని చెప్పింది.